మూత తీయని సీసా: వెలయు విలువయు

తెలుగున వెల యనియు విలువ యనియు రెండు మాటలు కలవు. అంగడిలో నొక వస్తువునకు మన మిచ్చెడి రొక్కము వెల. ఆ వస్తువు మన బ్రదుకులో నాక్రమించెడి స్థానము విలువ. నిత్యవ్యవహారమున నీ రెంటికిని భేదము పాటింపక మాటలాడుచుందుము. దానివలన సాధారణముగా నష్టమును లేదు. బియ్యమునకు వెలయు గలదు, విలువయు గలదు. అవి రెండును కలిసియే నడచుచుండును. త్రాగునీటికి విలువ మిక్కుటము, వెల స్వల్పము. అయినను కఱవుకాలమున వెల తానే పెరిగి విలువను గలిసికొనును. కాని యొక్కొక్క వస్తువు విషయమున నీ రెండును బొత్తిగా విడిపోవును. అప్పుడు దేనిని లెక్కకు దెచ్చుకొనవలెనో నిర్ణయించు భారము గృహస్థునిపై బడును. అట్టి సందర్భ మొకటి మాకు మిక్కిలి పరిచితమైన యొక కుటుంబమున దటస్థించినది. ముందు దానిని విన్నవించి, పిమ్మట దానివలన నాకు గలిగిన యాలోచనలను చదువరుల యెదుట నుంచెదను.

ఆ యింటి యజమానుడు ప్రభుత్వపు కొలువున నుండి విశ్రాంతి గైకొన్నవాడు. యౌవనమున నాతడు త్రాగుడునకు లోబడెను. జీతములో సగము మొదటివారముననే కరగిపోయెడిది. భార్య చేతిగాజులు తాకట్టునకు బోయి తిరిగి రాలేదు. 1988వ సంవత్సరమున నాతడు త్రాగుడు మానెను. ఒకరి యుపదేశమును వినియు గాదు, ఒక సభలో బ్రమాణము చేసియు గాదు. ఒకనాడు మానెను, అంతే. అప్పటి కా యింట నొక సీసా స్కాచి విస్కీ యుండెను. సింగపూరునుండి వచ్చిన బంధు వొకడు తెచ్చి యిచ్చినది. ఇంకను మూత తీయనిది. ఆతడు దానిని బాఱబోయలేదు, పరుల కీయలేదు. అద్దపు తలుపులు గల పుస్తకముల బీరువాలో, అందఱకు గనబడునట్లు, నిఘంటువుల ప్రక్కను నిలిపెను. 2023లో నాతడు మరణించువఱకు, అనగా ముప్పదియైదేండ్లు, ఆ సీసా యచ్చటనే యుండెను. దాని ముద్ర చెదరలేదు.

పెద్దకర్మము ముగిసిన కొలది దినములకు కుమారు లిద్దఱును బీరువా సర్దుచుండిరి. ఆ నవంబరు నెలలోనే లండను నగరమున నొక పాతసీసా విస్కీ కోట్లకొలది ధనమున కమ్ముడుపోయిన వార్త పత్రికలలో వచ్చియుండెను. పెద్దవాడు సీసాను వెలుతురున కెత్తి పట్టుకొని, నావైపు తిరిగి, "దీని విలువ యెంత యుండునండీ?" యని యడిగెను. వాని తల్లి గడపకడ గూర్చుండి యుండెను. ఆమె యేమియు ననలేదు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటలో నాకు గొన్ని దినములు గడచినవి.

మొదట వెల మాట విచారింతము. 2023 నవంబరులో లండనునందు సోథెబీవారి వేలములో నమ్ముడుపోయిన యా సీసా మకాలన్ అను స్కాట్లండు బట్టీలో 1926లో దింపిన విస్కీది. ఆ విస్కీ షెర్రీమద్యము నిలువచేసిన పీపాలో నఱువదియేండ్లుండి 1986లో సీసాల కెక్కెను. 263వ సంఖ్యగల యా యొక్క పీపానుండి వచ్చిన సీసాలు నలుబది మాత్రమే. వానిలో బండ్రెండింటికి వలేరియో ఆదామి యను నిటలీదేశపు చిత్రకారుడు చీటిని జిత్రించెను. ఆ పండ్రెండింటిలో నొకటి 2011 జపాను భూకంపమున నశించెననియు, ఒకదాని నెవరో తెఱచి త్రాగిరనియు జెప్పుదురు. మిగిలినవానిలో నొకదానికి వచ్చిన వెల, రుసుములతో గూడ, 21,87,500 పౌండ్లు. మన రూపాయలలో నిరువదిరెండు కోట్లకు బైమాట. అంతకుముందు మద్యపు సీసా యేదియు వేలములో నింత వెల పలికియుండలేదు.

పాతసీసాలకు వెల కట్టువారు చూచెడి గుఱుతు లనేకములు. మొదటిది ద్రవమట్టము. అది సీసా మెడలో నున్నదా, భుజములదాక దిగినదా యని చూతురు. ఏలయన, బిరడా యెండిన కొలదియు లోని ద్రవ మావిరియై పోవును. రెండవది మూతయు ముద్రయు. మూడవది చీటి, దానిపై దడిమరకలు, చిరుగులు, అక్షరముల యచ్చుతీరు, పరిమాణము వ్రాసిన విధము. సుంకపు చీటివలనను, సీసా యడుగున గాజుపై నుండు గుఱుతులవలనను నది యే కాలముదో తెలిసికొందురు. ద్రాక్షమద్యమైనచో సీసాను బండబెట్టి యుంచిరా, విస్కీయైనచో నిలువబెట్టి యుంచిరా, ఎండ తగిలినదా, చల్లని చీకటిగదిలో నుండినదా యని యడుగుదురు. అన్నిటికంటె ముఖ్యము దాని పూర్వచరిత్రము: ఎవరు కొనిరి, ఎన్ని చేతులు మాఱినది, అందులకు గాగితములు గలవా? మన వివాహములలో వరుని నడవడిని గుఱించి యింత విచారణ జరుగుచుండినచో నెన్ని కాపురములు బాగుపడియుండునో కదా యని నాకు దోచినది. ఇన్నియు విచారింతురు గాని లోని పదార్థమును రుచి చూడరు. చూడ వీలులేదు, మూత తీసిన క్షణముననే యా వెల పోవును.

ఈ గుఱుతులనుబట్టి మా మిత్రుని సీసాను బరీక్షింపగా ఫలము నిరాశాజనకముగ నుండెను. అది లక్షలకొలది సీసాలుగా దయారైన సామాన్యపు మిశ్రమవిస్కీ. ముప్పదియైదు వేసవుల యెండకు ద్రవము భుజములకు దిగువను జేరెను. చీటి చెమ్మకు బొబ్బలెక్కి యుండెను. పాతదైనంతమాత్రమున నే వస్తువును బెద్దవెల పలుకదు. అరుదైనదియు గావలెను, కోరువారును గావలెను. పైగా మనదేశమున ననుమతిపత్రము లేక మద్యము నమ్ముట నేరము. కావున ధర్మముగా నడచుకొనెడి గృహస్థుని చేతిలో నా సీసా వెల సున్న. చిన్నవాడు నవ్వి యూరకుండెను. పెద్దవానికి మాత్రము విదేశమున నెవరైన గొందురేమో యన్న యాశ యంతటితో నడగలేదు.

ఆ యాశను గుఱించి మఱికొంత యాలోచింపవలసియున్నది. ఏలయన, అది వాని యొక్కని యాశ గాదు. పాతబడిన సారాయము మేలైనదని లోకమున వాడుక. ఈ వాడుకలో సగమే నిజము. విస్కీ ముదురునది కఱ్ఱపీపాలో గాని గాజుసీసాలో గాదు. స్కాట్లండు శాసనము ప్రకారము కనీసము మూడేండ్లు ఓకుకఱ్ఱ పీపాలో నుండనిది విస్కీ యనిపించుకొనదు. ఆ కాలమున గఱ్ఱనుండి రంగును, వాసనను గ్రహించును. ఏటేట నూటికి రెండుపాళ్ల చొప్పున నావిరియై పోవును. ఆ పోయినదానిని వారు దేవదూతల వంతని హాస్యముగా బిలుతురు. సీసాలో బోసి బిగించిన పిమ్మట నా పెరుగుదల యాగిపోవును. పండ్రెండేండ్ల విస్కీ సీసాలో ముప్పదియైదేండ్లున్నను బండ్రెండేండ్లదే. మన తాటికల్లు తెల్లవాఱి తీయగా నుండి ప్రొద్దుగ్రుంకువేళకు బులిసిపోవును. కాలము దానిని మార్చుచునే యుండును. బిగించిన సీసాలోని విస్కీకి గాలమే లేదు. కావున నేండ్లు గడచినకొలది పెరిగిన వెలకు లోని పదార్థము కారణము కానేరదు.

మఱి యేది కారణము? ఇతరులు త్రాగివేయుటయే. నలుబదిసీసాలలో నొక్కొక్కటి తెఱవబడినకొలదియు, నశించినకొలదియు, మిగిలినవాని వెల పెరుగును. అనగా నా వెలను గల్పించునవి రెండు కార్యములు: ఒకటి పరుల యనుభవము, రెండవది తన నిగ్రహము. ఒకడు త్రాగకుండుటచేతనే యా వస్తువు నిలిచినది. త్రాగుట కొఱకే పుట్టిన వస్తువునకు ద్రాగకుండుటచేత వెల వచ్చుట విచిత్రము గాదా? అయిన నీ నిగ్రహము మన పెద్దలు చెప్పిన నిగ్రహము గాదు. లోభి యన్నము దినక ధనము కూడబెట్టుటను ఉపవాస మనము. రేపు హెచ్చువెల కమ్మవలెనని నేడు మూత తీయనివాడు మద్యమును జయింపలేదు. దానినే యింకొక రూపమున సేవించుచున్నాడు.

ఇంతియ గాదు. ఆ వెల యంతయు నమ్మకముపై నిలిచియున్నది. 2017లో స్విట్జర్లండునందలి సెయింట్ మోరిట్జ్ పట్టణమున నొక హోటలులో 1878వ సంవత్సరపు మకాలన్ అను చీటిగల సీసానుండి యొక చైనాదేశపు రచయిత రెండు సెంటిలీటరుల విస్కీని 9,999 ఫ్రాంకులకు గొని త్రాగెను. పత్రికలలో నా వార్త చదివిన నిపుణులకు సీసా బిరడాను, చీటిని గుఱించి సందేహము గలిగెను. హోటలువారు నమూనాను బరీక్షకు బంపిరి. అది 1970కిని 1972కిని నడుమ దింపిన సరుకనియు, మిశ్రమవిస్కీ యనియు దేలెను. హోటలు నిర్వాహకుడు తానే చైనాకు బోయి యా సొమ్మును దిరిగి యిచ్చివచ్చెను. అట్టి నిజాయితీ మెచ్చదగినది. కాని చదువరి యొక్క ప్రశ్న వేసికొనవలెను: ఆ రచయిత గ్రుక్క మ్రింగినప్పుడు బొందిన యానందము నిజమా, అబద్ధమా? నాలుక యాతనిని హెచ్చరింపలేదు. ఆతడు రుచి చూచినది చీటిపైనున్న యంకెను.

అట్టి మోసమును బట్టుకొను విధానమును దెలిసికొనదగినదే. 1950 తరువాతి దశాబ్దమున జరిగిన యణ్వాయుధపరీక్షలవలన గాలిలో రేడియోధార్మికమైన కర్బనము హెచ్చెను. గాలినుండి యది యవధాన్యములోనికి బోయెను. యవలనుండి విస్కీలోనికి వచ్చెను. కావున 1900 నాటిదని చెప్పబడిన సీసాలో నా యధికకర్బనము గనబడినచో దాని పుట్టుక యబద్ధ మని తెలిసిపోవును. 2018లో స్కాట్లండునందలి యొక విశ్వవిద్యాలయపరిశోధనశాలలో నట్లు పరీక్షించిన 55 పాతసీసాలలో 21 నకిలీవో, చీటిపై జెప్పిన యేడు దింపనివో యని తేలెను. పరీక్ష చేయువఱకు నా యిరువదియొకటియు మేలిసరుకులే. చేసిన మఱునాడు తుచ్ఛములు. లోని ద్రవము మాత్రము మాఱలేదు. లండనులో నమ్మిన సీసాకైనను వేలమునకు ముందు బట్టీవారే బిరడాను, పైతొడుగును మార్చి, చీటి మూలల కంటించి, ఒక్క మిల్లీలీటరు తీసి పరీక్షించిరి. ఎవరును మూత తీయలేదన్నదే యే వస్తువునకు గొప్పయో, దానిని నమ్మించుటకు మూత తీయవలసివచ్చెను! తెఱవనిచో సత్యము తెలియదు. తెఱచినచో వెల నిలువదు. అజ్ఞానముపై నాధారపడిన యైశ్వర్య మింతకంటె స్పష్టముగా నెచ్చట గనబడును?

పాతవస్తువులన్నియు నిట్టివే యని యనరాదు. మన యిండ్ల యటుకలపై నుండెడి తాళపత్రగ్రంథములను దలచుకొనుడు. కట్టు విప్పినచో వాని విలువ పెరుగును. చదివినవా డొకడున్నచో నొకటి, పదుగురున్నచో బది యగును. కట్టు విప్పనన్నాళ్లు నవి పురుగుల యాహారమే. విద్య పంచినకొలది పెరుగునని మన మనుకొనుమాట యిందుచేతనే. పంచినకొలది పెరుగునది విలువ. దాచినకొలది పెరుగునది వెల.

ఇచ్చట నింకొక వేలముపాట నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. అది లండనులో జరిగినది గాదు, నెల్లూరుజిల్లాలో జరుగనీయబడనిది. 1990 తరువాత నా జిల్లాలో నక్షరాస్యతోద్యమము సాగెను. పగలెల్ల గూలిపని చేసి రాత్రి దీపపు వెలుతురున నక్షరములు దిద్దిన స్త్రీలు, సారాను మాన్పించిన గ్రామస్త్రీల కథను తమ వాచకములో బాఠముగా జదివిరి. 1992 నాటికి దూబగుంట మొదలగు గ్రామములలో వారే సారాదుకాణములను మూయించిరి. ప్రభుత్వమువారు దుకాణముల హక్కును వేలము వేయుటకు బూనుకొన్నప్పుడు గుంపులుగా బోయి యడ్డుపడిరి. పాటలు మరల మరల వాయిదా పడెను. 1993 అక్టోబరు 1వ తేదినుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో నది సడలిపోయెను. శాసనము నిలువకపోయినను, ఆ స్త్రీలు చెప్పిన లెక్క తప్పు గాలేదు.

ఆ లెక్క యెట్టిది? వారు మట్టమును జూడలేదు, చీటిని జూడలేదు. వారు చూచినది సాయంకాలము కూలిడబ్బులతో నింటికి రావలసినవాడు వచ్చిన వేళ, పొయ్యి వెలుగని పూట, బడి మానిన పిల్లవాడు, వీపుపై దెబ్బ. గుత్తదారునకు సారా ఆదాయము. ప్రభుత్వపు బొక్కసమునకును నదియే. త్రాగువానికి గడియసేపు మఱపు. వీరు ముగ్గురును దానికి వెల కట్టిరి. ఆ వెలను జెల్లించునది నాలుగవ మనిషి యని తెలిసినది యా రాత్రిబడి స్త్రీలకే. ఒక వస్తువు విలువను నిర్ణయించుట కర్హులెవరు? దానిని గొనువాడా, అమ్మువాడా, దాని ఫలము ననుభవించువాడా? మూడవవానినే యడుగవలెనని వారు దేశమునకు నేర్పిరి. అక్షరమాలతో ప్రారంభమైన చదువు కింతకంటె గొప్ప పరీక్ష లేదు, వారందులో గృతార్థులైరి.

అట్లని మూత తీయని ప్రతి సీసాను మనము తృణీకరింపవలసిన పని లేదు. వెలకు లోబడని పాతసీసాలును గలవు. 1907లో దక్షిణధ్రువమును జేరుటకు బయలుదేఱిన షాకిల్టను బృందమువారు కేప్ రాయిడ్సు వద్ద గట్టుకొన్న కుటీరము క్రింద గొన్ని పెట్టెల విస్కీని విడిచిరి. నూఱేండ్ల పిమ్మట నవి మంచులో గనబడినవి. 2010లో నొక పెట్టెను ద్రవ్వి తీసి న్యూజీలండులో మెల్లగా గరగించిరి. 2011లో మూడు సీసాలను స్కాట్లండునకు గొనిపోయి, బిరడాలోనికి సూది గ్రుచ్చి, కొలదిగా దీసి పరిశీలించిరి. వేలములో నవి యెంత వెల పలికెడివో యూహింపవచ్చును. కాని యమ్మలేదు. 2013లో వానిని మరల నా కుటీరమునకే చేర్చిరి. ఆ షాకిల్టనే 1909లో ధ్రువమునకు దాదాపు నూఱుమైళ్ల దూరమున నుండగా, ముందుకు బోయినచో దనవారు బ్రదికి తిరిగిరారని గ్రహించి, వెనుకకు మఱలెను. తనవారి ప్రాణముల కొఱకు గోరికను నిగ్రహించుకొన్నవాని వస్తువును నిగ్రహముతోనే స్వస్థానమున నుంచుట యుక్తముగ నున్నది.

ఈ యుదాహరణమే నన్ను తప్పుదారి బట్టించెనని యిపుడు చెప్పుకొనవలెను. నా విచారణ ముగించుకొని నేను మరల నా యింటికి బోయితిని. పెద్దవానితో, "నాయనా, దీనికి వెల లేదు గాని విలువ గలదు. ముప్పదియైదేండ్లు మీ తండ్రిగారు దీనిని ప్రతిదినమును జూచుచు దాకలేదు. ఇది యాయన విజయమునకు గుఱుతు. అమ్మవద్దు, పాఱబోయవద్దు, పెద్దకుమారుడవు గనుక నీ యింట నుంచుకొనుము" అని చెప్పితిని. నా మాట నాకే మిక్కిలి యింపుగ నుండెను. పెద్దవాడు తల యూచెను. అప్పుడు గడపకడనున్న వాని తల్లి మొదటిసారి నోరు విప్పెను. ఆమె మాటలను నేను గ్రంథభాషలోనికి మార్చను.

"నాయనా, మీరు చెప్పింది అబద్ధం కాదు. ఆయన గొప్పవారే. కాని మీరంతా ఆయన నిగ్రహం చూశారు. రాత్రి బీరువా తలుపు కిర్రుమంటే లేచి కూర్చున్నది నేను. ఆయన పుస్తకం కోసం లేచేవారు. నేను సీసా కోసమేమో అనుకునేదాన్ని. మొదటి పదేళ్లు నాకు సరిగ్గా నిద్ర లేదు. పండక్కి దుమ్ము దులిపినప్పుడల్లా మూత చూసుకునేదాన్ని. తీసి పారేయండి అని ఒకసారి అడిగాను. 'నన్ను నమ్మవా?' అన్నారు. మళ్లీ అడగలేదు. మీకది ఆయన గెలుపు. నాకది ముప్పై అయిదేళ్ల కాపలా."

నేను మాటాడలేకపోతిని. ఆమె కొంతసేపూరకుండి, లోపలివైపు జూచి, "ఇది పెద్దవాడింటికి వెళితే ఇక మెలకువగా ఉండవలసింది కోడలు. ఆ కాపలా నాతోనే పోనీండి" అనెను. పెద్దవాడు స్నేహితులతో నప్పుడప్పుడు పుచ్చుకొను నన్న సంగతి యా యింట నందఱకు దెలిసినదే. ఎవరును బైకి జెప్పనిది. వంటింటిలో గిన్నెల చప్పుడు నిలిచిపోయెను.

నా లెక్కలోని తప్పు నాకప్పుడు తెలిసెను. నేను లండను వేలమరులను బరిహసించితిని. నెల్లూరి స్త్రీలను గొనియాడితిని. కాని నాయెదుట గూర్చున్న నాలుగవ మనిషిని నేనును జూడలేదు. పురుషుని నిగ్రహమును గొలుచునప్పుడు దానికి సాక్షియై, భయపడుచు, మేలుకొనియున్నవారి బాధను లెక్కవేయకపోవుట మన నీతికథలలో దఱచుగా గనబడెడి లోపము. తన్ను దాను బరీక్షించుకొనుట మంచిదే. కాని యా పరీక్ష యింటి నడుమ బెట్టినప్పుడు దానికి రుసుము చెల్లించునది తా నొక్కడే గాదు. నా మిత్రుడు గొప్ప పని చేసెను. అందులకు సందేహము లేదు. ఆ సీసాను మొదటి దినముననే కాలువలో బోసియున్నచో నంతకంటె గొప్ప పని యైయుండెడిది. మానితినని తనకు దాను ఋజువు చేసికొనుటకంటె, మానెనని భార్య నిర్భయముగా నిదురించునట్లు చేయుట మిన్న. నన్ను నమ్మవా యని యడుగుట సులభము. నమ్మకము గలుగునట్లు దారిలోని ముల్లును దీసివేయుట కష్టము.

పెద్దవాడు చాలసేపు నేలచూపులతో నిలుచుండి, తుదకు సీసాను దీసికొని పెరటిలోనికి నడచెను. "నువ్వూ రా అమ్మా" అని పిలిచెను. ముద్ర త్రెంచి, జలదారిలో వంచి పోసెను. ఆ వాసన మఱునాటివఱకు బెరటిలో నుండెను. పేరుపడిన మద్యముల ఖాళీసీసాలను గొని, చౌకసరుకుతో నింపి, మరల ముద్రవేసి యమ్మువారు గలరని నేను చెప్పగా, ఆ తల్లి సీసాను వేడినీటిలో నానబెట్టి చీటిని బూర్తిగా గీకివేసెను. ఇప్పుడది దీపపు నూనె పోసికొను సీసాగా నా యింట నున్నది. పెద్దవాడు తరువాత నేమి చేయుచున్నాడో నేను విచారింపలేదు. ఒక్కదినపు పనివలన మనుష్యుడు మాఱునని చెప్పుటకు సాహసింపను. కాని బీరువా తలుపు చప్పుడునకు మేలుకొనవలసిన వారు ఇప్పుడా యింట లేరు.

చదువరులారా, మన యిండ్లలో సీసాలే లేకపోవచ్చును. కాని మూత తీయకుండ దాచుకొన్న పదార్థములు ప్రతి యింటను గలవు. విడిచితిమని చెప్పుచు గంటికెదురుగా నిలుపుకొన్న వ్యసనములు గలవు. మనము గెలిచితిమని మురిసిపోవుచుండగా, ఓడెదమేమో యని భయపడుచు గాచుకొనియున్న వారును గలరు. అట్టి వస్తువు చేతికి దొరకినప్పుడు దీని వెల యెంత యని యంగడివాని నడుగుటకు ముందు, దీనికొఱకు మన యింట నిన్నాళ్లును మేలుకొన్నవా రెవరని యడిగి, వారి నోట సమాధానము వినుట మన ధర్మము.